ముక్కుకు గిట్టని పరిమళం

పుదుచ్చేరి నుంచి తూర్పు తీర రహదారి మీద ఉత్తరానికి వెళ్తుంటే కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు ఎర్రమట్టి దారులు. వాటిలో ఒకటి పట్టుకుంటే జీడితోటల మధ్యగా ఆరోవిల్ చేరతాం. 1968 ఫిబ్రవరి 28న ఈ ఊరికి పునాది వేసిన రోజున 124 దేశాల మట్టి తెచ్చి తామరమొగ్గ ఆకారంలో ఉన్న పాత్రలో పోశారు. అప్పటికి ఇది వాన పడితే మట్టి సముద్రంలోకి కొట్టుకుపోయే బోడినేల. నీడకు ఒక పెద్ద మర్రి, అక్కడక్కడా తాటిచెట్లు తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదట. గట్లు కట్టి, గుంటలు తవ్వి, ఏళ్ళ తరబడి మొక్కలు నాటి ఈ నేలను అడవిగా మార్చారు. ఇప్పుడు ఆ దారిలో నడుస్తుంటే పైన ఆకాశం తునకలు తునకలుగా మాత్రమే కనిపిస్తుంది.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది బంగారు రంగు గోళంలా మెరిసే మాతృమందిరం చూడడానికి వస్తారు. నేనూ చూశాను. కానీ నేను వచ్చింది సబ్బుల కోసం. ఆరోవిల్‌లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ అగరొత్తులు, కొవ్వొత్తులు, సబ్బులు చేతితో తయారుచేసే చిన్న కార్ఖానాలు ఉన్నాయి. వాటిలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. సబ్బు చేయడం ఎలాగో పుస్తకాల్లో దొరుకుతుంది. నాకు కావలసింది వేరు. విజయవాడలో ఇంటి దగ్గరే సబ్బులు చేసి అమ్మే నా స్నేహితురాలు ఒకసారి అడిగింది: “నాకు లావెండర్ వాసనే గిట్టదు. వచ్చే ఆర్డర్లేమో సగం అవే. నాకు నచ్చనిది నేను బాగా చేయగలనా?” ఆ ప్రశ్నకు జవాబు అదే పనిలో చేతులు పండినవాళ్ళ దగ్గర దొరుకుతుందనిపించింది.

నేను వెళ్ళిన కార్ఖానా కుయిలాపాళయం దాటాక, వేపచెట్ల కింద, మంగళూరు పెంకులు కప్పిన పొడవాటి షెడ్డు. గేటు దగ్గరికి రాకముందే వాసన ఎదురొచ్చింది. అది ఒక వాసన కాదు. నిమ్మగడ్డి, లవంగం, కొబ్బరినూనె, తడిమట్టి, ఇంకేదో ఘాటు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. లోపల తెల్లటి తలగుడ్డలు, కళ్ళద్దాలు, మోచేతుల దాకా తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు తూకాలు వేస్తున్నారు. వాళ్ళందరికీ పెద్ద దిక్కుగా కనిపించిన ఆవిడ నా మాట విని నవ్వింది. “మీరు తెలుగా? మా ఇంట్లోనూ తెలుగే” అంది. విల్లుపురం జిల్లా పల్లెల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వాళ్ళదొకటి. తెలుగు చదవడం రాదు. మాట మాత్రం ఇంట్లో నిలిచింది. అక్కడ అందరూ ఆవిడను అక్క అంటారు. నేనూ అలాగే పిలిచాను.

ఆ రోజు పని ప్యాచౌలీ సబ్బు. ప్యాచౌలీ తులసి కుటుంబానికి చెందిన మొక్క. ఆకుల్ని ఎండబెట్టి, కొన్నాళ్ళు మాగనిచ్చి, ఆవిరి పట్టి నూనె తీస్తారు. ప్రపంచానికి అందే ప్యాచౌలీ నూనెలో ఎక్కువ భాగం ఇండోనేషియాది. పంతొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరు శాలువలు యూరప్‌కు వెళ్ళేటప్పుడు చిమ్మెటలు పట్టకుండా మడతల మధ్య ఈ ఆకులు పెట్టేవారు. దాంతో ఆ వాసన ఉంటేనే అది అసలైన శాలువ అని అక్కడి కొనుగోలుదారులు గుర్తుపట్టేవారు. మళ్ళీ 1960ల చివర్లో పాశ్చాత్య దేశాల యువతరం ఈ వాసనను తలకెత్తుకుంది. అలా రెండుసార్లు వాళ్ళ జ్ఞాపకాల్లో పాతుకుపోయింది కాబట్టే ఇక్కడికి వచ్చే విదేశీ అతిథులు దుకాణంలో అడుగుపెట్టగానే దాన్నే వెతుక్కుంటారు.

అక్క సీసా మూత తీసి నాకు చూపించింది. కర్పూరం, తడి నేల, గాలి తగలని పాత గది, అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి వచ్చాయి. “ఇది పోసిన దినము ఇంటికి పోతే మనవరాలు నా పక్కలో పండుకోదు. అవ్వా, నీ మీద పాత పెట్టె వాసన వస్తా ఉండాది అంటుంది” అని చెప్పింది. “మరి మీకు?” అని అడిగాను. “నాకూ ఒప్పదు. మొదట్లో కడుపులో తిప్పేది. ఇప్పుడు తిప్పదు. ఒప్పేది మాత్రం లేదు.”

అలా చెబుతూనే ఆవిడ చేసిన పనిని నేను శ్రద్ధగా చూశాను. సబ్బు పనిలో లెక్క తప్పితే క్షమాపణ ఉండదు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారాలంటే సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అదే కిలో ఆముదానికి దాదాపు 130 గ్రాములు చాలు. ఏ నూనె ఎంత కలిపారో దాన్నిబట్టి ప్రతిసారీ కొత్తగా లెక్క కట్టాలి. చర్మం మండకుండా, కొంచెం నూనె మిగిలి ఉండేలా కాస్టిక్‌ను ఓ ఐదు శాతం తగ్గిస్తారు. కాస్టిక్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి తప్ప నీళ్ళను కాస్టిక్ మీద పోయకూడదు. ఆ తప్పు చేస్తే ఒక్కసారిగా పొంగి మీద చిమ్ముతుంది. నీళ్ళలో వేసినా కూడా గిన్నె పట్టుకోలేనంత వేడెక్కుతుంది. అది చల్లారాక నూనెల్లో పోసి చిలుకుతారు. కాసేపటికి పాకం చిక్కబడి, గరిటెతో పైన గీత గీస్తే ఆ గీత నిలుస్తుంది. పరిమళం కలపాల్సింది అప్పుడే. ముందు కలిపినా వెనక కలిపినా పని చెడుతుంది.

ఆ గీత నిలిచిన క్షణంలో అక్క ప్యాచౌలీ సీసాను తూకం మీద పెట్టింది. కిలో నూనెలకు ముప్పై గ్రాములకు మించకూడదని వాళ్ళ కట్టుబాటు. గిట్టని వాసన కదా, నాలుగు చుక్కలు తక్కువ పోస్తుందేమోనని నేను చూస్తూ ఉన్నాను. తూకం కావలసిన అంకె దగ్గర ఆగేవరకు ఆవిడ చూపు కదల్లేదు. తర్వాత నేను ఆ మాటే అడిగాను. ఆవిడ నన్ను కొంచెం ఆశ్చర్యంగా చూసింది. “నాకు ఇష్టమైనది అయితే చేయి జారి ఎక్కువ పోస్తాను. ఇది ఇష్టం లేదు కదా, అందుకే కొలత చూసే పోస్తాను” అంది.

నేను అక్కడి నుంచి తెచ్చుకున్న మాటల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇది. ఇష్టమైన పరిమళం దగ్గర చేసేవాళ్ళు తమ ముక్కును నమ్ముతారు. గిట్టని పరిమళం దగ్గర ఆ నమ్మకం ఉండదు. అప్పుడు తూకాన్ని, పుస్తకంలో రాసుకున్న లెక్కను, పక్కవాళ్ళ మాటను నమ్మాలి. అలా నమ్మడం అలవాటైతే పని శుభ్రంగా వస్తుంది.

ఆ కార్ఖానా మొదలుపెట్టినావిడ ఫ్రాన్స్ నుంచి వచ్చి దశాబ్దాల కిందట ఇక్కడే స్థిరపడిన మనిషి. తమిళం చక్కగా మాట్లాడుతుంది. పనివాళ్ళు ఆవిడను అమ్మ అని పిలుస్తారు. షెడ్డు వెనక చిన్న గదిలో ఆవిడ బల్ల మీద వందల సీసాలు. వాటిలో మల్లె అని రాసి ఉన్న సీసాకు మాత్రం మూత మీద ఇంకో ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. ఎందుకని అడిగితే, ఆ వాసన మూసిన గదిలో తనకు ఊపిరాడనివ్వదని చెప్పింది. ఎవరి జడలోనైనా ఉండి దారిలో ఎదురైతే బాగానే ఉంటుందట. గదిలో పెడితే మాత్రం తల బరువెక్కుతుందట.

మల్లె అంటే ప్రాణం పెట్టే ఊళ్ళ నుంచి వెళ్ళిన నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఆవిడ ఓపిగ్గా వివరించింది. మల్లెపూల వాసనలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడిగా, చిక్కగా వాసన చూస్తే కలరా ఉండలూ మురుగూ గుర్తొస్తాయి. ఆ కొంచెం ఇండోల్ లేకపోతే మల్లె మల్లెగా ఉండదు. చిన్నప్పటి నుంచి మల్లె మధ్య పెరిగినవాళ్ళకు ఆ కలయిక మొత్తం పువ్వుగా అందుతుంది. తనకు మాత్రం అందులోని ఇండోల్ విడిగా ముందుకొచ్చి నిలబడుతుందని చెప్పింది. పైగా మల్లె నూనె ఆవిరి పట్టి తీసేది కాదు. పూలను ద్రావకంలో నానబెట్టి మైనం లాంటి పదార్థంగా తీస్తారు, దాని నుంచి అసలు అత్తరు తీస్తారు. తమిళనాడు ఈ సరుకుకు ప్రపంచంలోనే పేరున్న చోటు. ధర విపరీతం కాబట్టి మామూలు సబ్బుల్లో వాడేది ప్రయోగశాలలో కూర్చిన మల్లె పరిమళమే.

తొలి ఏళ్ళలో ఆవిడ తనకు నచ్చినవే చేసిందట. గంధం, ప్యాచౌలీ, దేవదారు. దుకాణానికి చెన్నై నుంచి వచ్చే కుటుంబాలు చూసి, వాసన చూసి, పెట్టేసి వెళ్ళిపోయేవి. ఒకరోజు ఒక ముసలావిడ సబ్బులన్నీ వాసన చూసి, “మా ఇంటి వాసన ఒక్కటీ లేదే” అందట. ఆ మాటతోనే మల్లె మొదలైంది, తర్వాత మొగలి, తర్వాత వట్టివేరు. మొగలి కూడా ఆవిడకు పడదు. గంజాం తీరంలో మొగలి రేకుల నుంచి తీసే కేవడా నూనెను ఒకసారి గదిలో చిమ్మితే రెండు రోజులు ఆ గదిలోకి వెళ్ళలేకపోయానని చెప్పింది. అయినా మొగలి సబ్బు ఆ దుకాణంలో అరలో ఉంది.

కాబట్టి ఆ షెడ్డులో జరుగుతున్నది ఇది: తమిళ పల్లె ఆడవాళ్ళు తమకు గిట్టని ప్యాచౌలీని విదేశీ అతిథుల కోసం తూస్తున్నారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన మనిషి తనకు గిట్టని మల్లెను ఇక్కడి ఇళ్ళ కోసం కూరుస్తోంది. ఇద్దరూ ఒకరి ముక్కును ఇంకొకరు అడుగుతున్నారు. మల్లె పాళ్ళు సరిపోయాయో లేదో తేల్చేది అక్క. ప్యాచౌలీ సరుకు మంచిదో కాదో తేల్చేది అమ్మ.

మనిషికీ మనిషికీ ముక్కు ఎందుకింత వేరు? 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ వాసన గ్రాహకాలకు సంబంధించిన జన్యువుల కుటుంబాన్ని కనిపెట్టారు. 2004లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో పనిచేసే ఈ గ్రాహకాలు దాదాపు నాలుగు వందల రకాలు. అవి అందరిలోనూ ఒక్కలా ఉండవు. వయొలెట్ పూల వాసనకు మూలమైన బీటా అయొనోన్ అనే పదార్థమే ఇందుకు మంచి ఉదాహరణ. ఒక గ్రాహక జన్యువులో ఉన్న చిన్న తేడా వల్ల కొందరికి అది స్పష్టమైన పూల పరిమళంగా తోస్తుంది. మిగతావాళ్ళకు చాలా ఎక్కువ మోతాదులో ఉంటే తప్ప అందదు, అందినప్పుడు కూడా పుల్లగా, ఘాటుగా ఉంటుంది. అంటే ఒకే సబ్బును ఇద్దరు పట్టుకున్నప్పుడు వాళ్ళిద్దరికీ అందేది నిజంగానే ఒకటే వాసన కాకపోవచ్చు.

దీనికి జ్ఞాపకం తోడవుతుంది. ముక్కు నుంచి వెళ్ళే సంకేతాలు మెదడులో భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలను చాలా దగ్గరి దారిలో చేరతాయి. అందుకే ఎర్రటి లైఫ్‌బాయ్‌లోని కార్బాలిక్ ఘాటును ఇష్టపడ్డామని ఎవరూ అనకపోయినా, అది లేకపోతే శుభ్రం కాలేదనుకున్న తరం మన ఇళ్ళలో ఉంది. 1920లో కలకత్తాలో పుట్టిన మార్గో వేప వాసన కూడా అంతే. 1916లో బెంగళూరులో మైసూరు సంస్థానం మొదలుపెట్టిన సబ్బు కార్ఖానా నుంచి వచ్చిన గంధపు సబ్బు పెట్టె తెరిస్తే, ఎన్నో తెలుగు ఇళ్ళలో అది పెళ్ళి సామాను వాసన. లావెండర్ సంగతి అడిగినప్పుడు అక్క నవ్వేసింది: “అది నేల తుడిచే నీళ్ళ వాసన కదా. ఆఫీసులో బాత్రూము కడిగితే వచ్చేది.” యూరప్‌లో దుప్పట్ల అరల్లో పెట్టుకునే పువ్వు, ఇక్కడ ఫినాయిల్ పక్కన చేరి పేరు మార్చుకుంది. రెండు అనుభవాలూ నిజమే. లావెండర్‌లో తప్పు లేదు, అక్క ముక్కులోనూ తప్పు లేదు.

మధ్యాహ్నం వేప సబ్బు చేశారు. వేపనూనె వాసన తెలుగువాళ్ళకు వివరించనక్కర్లేదు. వెల్లుల్లిని గుర్తుచేసే గంధకపు ఘాటు అది. దాన్ని దాచడానికి నిమ్మగడ్డి, యూకలిప్టస్, లవంగం వేసి చూస్తారు. లవంగం వేస్తే పాకం చేతిలో ఉండగానే బిగుసుకుపోతుంది. గరిటె తీసి అచ్చులో పోసేలోపు గడ్డకడుతుంది. అందుకని లవంగం కొంచెమే, అదీ చివర్లో. నిమ్మ, నారింజ నూనెలు బాగుంటాయి గానీ సబ్బు మాగే నాలుగారు వారాల్లో చాలా వరకు ఎగిరిపోతాయి. కాస్టిక్ క్షారంలో నిలవలేని పరిమళాలు ఇంకా ఉన్నాయి. వనిల్లా వేస్తే తెల్లటి సబ్బు గోధుమరంగులోకి తిరుగుతుంది.

ఇక్కడే నాకు ప్యాచౌలీ గురించి ఇంకో సంగతి తెలిసింది. అది బరువైన నూనె, నెమ్మదిగా ఆవిరవుతుంది. నిమ్మగడ్డి, నారింజ లాంటి తేలికపాటి పరిమళాల కింద దాన్ని కొద్దిగా వేస్తే అవి ఇంకొంతకాలం నిలుస్తాయి. వట్టివేరూ అంతే. అక్కకు అన్నిటికన్నా ఇష్టమైన నిమ్మగడ్డి సబ్బులో, ఆవిడకు అన్నిటికన్నా గిట్టని ప్యాచౌలీ కొద్దిగా ఉంది. దాన్ని తీసేస్తే ఆ నిమ్మగడ్డి మూడో స్నానానికే వట్టి నూనె వాసన కొడుతుంది. నాకు నచ్చనిది నా పనికి అక్కర్లేదు అనుకునేవాళ్ళు ఈ ఒక్క సబ్బును చూస్తే చాలు.

మర్నాడు పుదుచ్చేరి ఊళ్ళోకి వెళ్ళాను. గూబేర్ మార్కెట్‌లో పూల వరస దాటడానికి చాలాసేపు పట్టింది. మల్లె, కనకాంబరం, సంపెంగ, గులాబీ, కట్టలుగా దవనం, మరువం. మూర పొడవుతో కొలిచి కట్టిస్తున్న మల్లెదండలు. ఈ మార్కెట్‌కు దగ్గర్లోనే రంగపిళ్ళై వీధి. ఫ్రెంచి గవర్నరు డూప్లే దొర దగ్గర ప్రధాన దుబాషీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై ఇల్లు ఆ వీధిలో ఉంది. 1736 నుంచి 1761 దాకా ఆయన తమిళంలో రాసిన దినచర్య ఆ కాలపు పుదుచ్చేరికి పెద్ద ఆధారం. తెలుగువాళ్ళకు ఆయన ఇంకో రకంగా దగ్గర. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ను ఆయనకే అంకితం చేశాడు. పుదుచ్చేరి పాలన కిందే ఉన్న యానాం ప్రజలు ఇప్పటికీ ఏ పెద్ద ప్రభుత్వ పని పడినా ఈ ఊరికి రావలసిందే. భాషలు, వ్యాపారాలు, రుచులు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకోక తప్పని ఊరు ఇది. ఒక దేశపు మనిషికి ఏ బట్ట కావాలో తెలుసుకుని, తన ఊరి మనిషితో దాన్ని నేయించే పని ఈ తీరంలో మూడు వందల ఏళ్ళ నాటిది. సబ్బు షెడ్డులో నేను చూసింది ఆ వరసలో తాజాది.

అక్కడి నుంచి కడలూరు వైపు వెళ్ళాను. ఆ తీరపు ఇసుక నేలల్లో వట్టివేరు పండిస్తారు. పైన చూస్తే ఎత్తైన గడ్డి తప్ప ఏమీ కనిపించదు. సరుకంతా నేల కింద ఉంది. ఏడాది వరకు పెరిగాక తవ్వి, దుమ్ము దులిపి, కడిగి వేళ్ళను ఎండబెడతారు. ఇసుక నేల కాబట్టి వేళ్ళు తెగకుండా వస్తాయి. ఆ వేళ్ళ నుంచి నూనె దిగడానికి గంటలు గంటలు ఆవిరి పట్టాలి, తొందరపడితే అసలు పరిమళం లోపలే ఉండిపోతుంది. వేసవిలో నీళ్ళ కుండలో వట్టివేరు వేసుకుని తాగినవాళ్ళకు, కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లినవాళ్ళకు ఇది చల్లదనం వాసన. పొలంలో వేళ్ళు దులుపుతున్న ఒకావిడ మాత్రం దులిపి దులిపి ఆ వాసనంటే విసుగొచ్చిందని, సెలవు రోజున గులాబీ సబ్బుతో స్నానం చేస్తానని చెప్పింది. రోజంతా ఒక వాసనలో ఉన్నవాళ్ళకు అది పరిమళంగా మిగలదు. పని వాసన అవుతుంది. అందరూ మెచ్చేదాన్ని చేసేవాళ్ళకూ ఈ భారం ఉందని ఆ పొలంలో తెలిసింది.

తిరిగి కార్ఖానాకు వచ్చినప్పుడు వాళ్ళు సబ్బును ఎలా పరీక్షిస్తారో చూపించారు. చిన్న ముక్కలకు పేర్లు ఉండవు, అంకెలే. చుట్టుపక్కల ఇళ్ళలో కొన్నిటికి, అతిథి గృహాల్లో కొన్నిటికి పంచుతారు. పొడి సబ్బును వాసన చూసి చెప్పే మాట లెక్కలోకి రాదు. తడిపి, నురగ తీసి, వేడినీళ్ళతో స్నానం చేశాక, తుడుచుకున్నాక చర్మం మీద ఏం మిగిలిందో చెప్పాలి. మాగిన సబ్బు కూడా క్షారమే, నీళ్ళు తగిలితే పరిమళం తీరు మారుతుంది. సీసాలో ముక్కును కొట్టే నూనె స్నానంలో మెత్తబడవచ్చు, సీసాలో మెత్తగా ఉన్నది స్నానంలో కనిపించకుండానే పోవచ్చు. చేసినవాళ్ళ ఇష్టాయిష్టాలకు ఈ పరీక్షలు రాసుకునే పుస్తకంలో గడి లేదు. వాడినవాళ్ళ మాటలకు మాత్రం పేజీలు ఉన్నాయి. ఒక పేజీలో, “ఈ సబ్బు వాడితే మా అమ్మ దగ్గర కూర్చున్నట్టుంది” అని ఎవరో తమిళంలో చెప్పింది రాసి ఉంది. అక్క చదివి వినిపించింది. అది మొగలి సబ్బు. కూర్చిన మనిషికి ఆ పువ్వు వాసన ఇప్పటికీ పడదు.

వాసన పరీక్షలో ముక్కు త్వరగా అలసిపోతుంది. కొద్ది నిమిషాలు ఒకే వాసనలో ఉంటే ముక్కు దాన్ని గుర్తించడం మానేస్తుంది. అత్తరు దుకాణాల్లో కాఫీ గింజలు వాసన చూడమని ఇస్తారు గానీ, మామూలు గాలి పీల్చడం కన్నా అదేమీ ఎక్కువ సాయం చేయదని పరీక్షల్లో తేలింది. ఇక్కడివాళ్ళు చేసేది తేలికైన పని. బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడతారు, లేదా తమ జాకెట్టు చేతినే వాసన చూసుకుంటారు.

ఇంతవరకు చెప్పింది నచ్చని వాసన గురించి. ఒంటికి పడని వాసన సంగతి వేరు. ఆ రెండిటినీ కలిపేస్తే పనిచేసేవాళ్ళకు అన్యాయం జరుగుతుంది. పరిమళ ద్రవ్యాల్లో కొన్ని చర్మానికి దద్దుర్లు తెస్తాయి, కొందరికి తలనొప్పి, దగ్గు తెస్తాయి. నిమ్మ, లావెండర్ నూనెల్లో సహజంగా ఉండే లిమొనీన్, లినలూల్ కూడా గాలికి పాతబడితే అలర్జీ కలిగించగలవు. సహజం అన్న మాట ఇక్కడ రక్షణ కాదు. అందుకే యూరోపియన్ యూనియన్ 2003లో 26 పరిమళ పదార్థాల పేర్లు లేబుల్ మీద విడిగా రాయాలని నియమం పెట్టింది. అక్కడ కొనేవాళ్ళకు ఆ రక్షణ ఉంది. రోజుకు ఎనిమిది గంటలు ఆ గాలే పీల్చే మనిషికి అంతకన్నా ఎక్కువ ఉండాలి. స్నానాల గదిలో పది నిమిషాలు అందంగా ఉండే మోతాదు, తూకం గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటే అందం కాదు.

ఈ కార్ఖానాలో నాకు నచ్చింది ఈ విషయాన్ని మాటలతో వదిలేయకపోవడం. ఘాటైన నూనెలు కలిపే బల్ల షెడ్డులో గాలి బయటికి పోయే వైపున ఉంది, దాని పైన గాలి లాగే ఫ్యాను ఉంది. ఒకే పరిమళం దగ్గర ఒకే మనిషి వరసగా ఉండదు, వంతులు మారతాయి. ఒక అమ్మాయికి దాల్చినచెక్క నూనె తగిలితే చేతుల మీద దద్దుర్లు వస్తాయి. ఆ అమ్మాయి ఆ బల్ల దగ్గరికి రానక్కర్లేదు, కూలి తగ్గదు. వాసన నచ్చలేదంటే చేయమని అడగవచ్చు, ఒంటికి పడలేదంటే అడగకూడదు అన్నది అక్కడ అందరికీ తెలిసిన కట్టుబాటు. ఇంట్లో వంటగదిలో సబ్బు చేసి అమ్మే మన ఆడవాళ్ళు చాలామంది ఈ తేడాను తమకు తాము వర్తింపజేసుకోరు. ఆర్డర్ పోతుందని తలనొప్పి మాత్ర వేసుకుని లావెండర్ కలుపుతారు. కిటికీ తెరవండి, ఫ్యాను పెట్టుకోండి, మోతాదు తగ్గించండి, అప్పటికీ ఒంటికి పడకపోతే మానేయండి. ఏ సబ్బు ఆర్డరూ మీ ఆరోగ్యానికి సమానం కాదు.

ఒంటికి పడేది, మనసుకు మాత్రం నచ్చనిది అయితే? విజయవాడ స్నేహితురాలు అడిగింది ఇదే. చేయగలవు, బాగా చేయగలవు అన్నదే నా జవాబు. మూడు షరతులు. కొలత నీ ముక్కుకు వదలకు. ఆ వాసనను ప్రేమించే మనిషిని ఒకరిని వెతికి పట్టుకో, ప్రతి విడత ఆ మనిషికి చూపించు. ఆ మనిషి ఎందుకు ప్రేమిస్తుందో అడుగు. మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. లావెండర్ అంటే ఒక మనిషికి మంచుకొండల ఊళ్ళో గడిపిన సెలవులు కావచ్చు, ఇంకో మనిషికి దూరదేశంలో ఉన్న కూతురు పంపిన పెట్టె కావచ్చు. అది తెలిశాక నీ ముక్కు మారదు గానీ, నీ చేతికి తాను ఎవరికోసం పనిచేస్తోందో తెలుస్తుంది.

స్నానం మనిషి ఒంటరిగా చేసే పని. ఆ గదిలో ఉన్న సబ్బు వాసన ఆ మనిషిది, ఆ ఒంటిది, ఆ ఇంటిది. చేసినవాళ్ళు ఆ గదిలో ఉండరు. సబ్బు చేసే మనిషి తన ఇష్టాన్ని ఆ గది గుమ్మం దగ్గరే ఆపుకోవడం తెలుసుకోవాలి. అది లొంగుబాటు కాదు. ఎదుటి మనిషికి తన జ్ఞాపకాలు తనకు ఉంటాయని, అవి మన జ్ఞాపకాలంత నిజమైనవని ఒప్పుకోవడం. చేతివృత్తుల్లో దీన్ని మించిన మర్యాద నాకు తెలియదు.

అయితే ఆ మర్యాద ఒకవైపే నడవకూడదు. ఈ షెడ్డులో ఏడాదికోసారి పనిచేసే ప్రతి మనిషికీ ఒక చిన్న విడత సొంతం. ఏ నూనెలు, ఏ పరిమళం, ఏ రంగు అన్నది ఆ మనిషి ఇష్టం. అమ్ముడైతే సరే, కాకపోతే ఇంటికి పట్టుకెళ్ళవచ్చు. పోయిన ఏడాది అక్క దవనం, వట్టివేరు కలిపి చేసింది. దవనం సబ్బులో నిలవదని అమ్మ హెచ్చరించినా వినలేదట. కింద వట్టివేరు పట్టుకుంటుందని అక్క లెక్క. ఆ లెక్క నిజమైంది. ఇప్పుడది దుకాణం అరలో మామూలు సరుకుగా చేరింది, పుదుచ్చేరి ఇళ్ళవాళ్ళూ కొంటున్నారు, విదేశీ అతిథులూ కొంటున్నారు. ఇన్నేళ్ళు పరుల ఇష్టాన్ని తూచి తూచి నేర్చుకున్న చెయ్యి కాబట్టే తన ఇష్టాన్ని అంత నిలకడగా కూర్చగలిగిందని నా నమ్మకం. చేతితో చేసిన సబ్బు కొనేటప్పుడు అందులో ఏమేం నూనెలున్నాయని అడుగుతాం కదా. ఇక మీదట ఇంకొకటి కూడా అడుగుదాం: దీన్ని చేసిన మనిషికి ఇష్టమైన సబ్బు ఏది, అది ఈ అరలో ఉందా?